చెక్డ్ బై

"కాగితాలే కదమ్మా, కూర తరుక్కుంటూ కూడా రాసుకోవచ్చు," అంది నాంచారమ్మ, కిలో బీరకాయలు తెచ్చి కోడలి కంప్యూటరు పక్కన కుమ్మరిస్తూ.

ఫణిశ్రీ కీబోర్డు కాస్త జరిపి, చాకు తీసుకుని చెక్కు తీయడం మొదలుపెట్టింది. రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లోని ఆ ఇంట్లో భోజనాల బల్లకి ఒక చివర వంటగది, ఇంకో చివర ఆఫీసు. రెండు చివరలకీ మనిషి ఒక్కతే. పొద్దున్న భర్త మురళీమోహన్‌కీ, మామగారు కొండలరావుకీ క్యారేజీలు కట్టి సిల్తారాలోని వాళ్ళ ఫ్యాక్టరీకి పంపేది, ఆరేళ్ళ కూతురు రజనిని స్కూలు ఆటో ఎక్కించేది, అత్తగారికి కాఫీ ఇచ్చేది. ఆ తరవాత ఆ బల్ల దగ్గరే కూర్చుని ఫ్యాక్టరీలో తయారయ్యే ట్యాంకులకి లెక్కలు కట్టేది, ఫైళ్ళు తయారుచేసేది. సాయంత్రం ఆ ఫైళ్ళమీద మురళీమోహన్ సంతకం పెట్టేవాడు. చివరి పేజీలో 'చెక్డ్ బై' అని ఒక గడి ఉంటుంది. అంటే పరీక్షించినవారు అని. అక్కడ అతని పేరు. అతను చదివింది బీకాం.

ఫణిశ్రీ రాయ్‌పూర్‌లోనే ఇంజనీరింగ్ చదివింది. రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో వేగన్ రిపేరు షాపు ఫిట్టరు మల్లేశ్వరరావు కూతురు ఆ రోజుల్లో మెకానికల్ బ్రాంచి తీసుకుందంటే కాలనీ అంతా వింతగా చూసింది. కొండలరావు ఏరికోరి చేసుకున్నాడు. "మా ఫ్యాక్టరీకి ఇంజనీరు కోడలు వస్తోంది," అని పెళ్ళిలో అందరికీ చెప్పుకున్నాడు. మొదటి ఏడాది ఆమె తలకి టోపీ పెట్టుకుని రోజూ సిల్తారా వెళ్ళింది. వెల్డింగు వెలుగులో కళ్ళు చికిలించి అతుకులు చూసింది. రజని పుట్టాక, "పిల్ల కాస్త ఎదిగేదాకా ఇంట్లోనే చూసుకో," అన్నారు. పిల్ల ఎదిగింది, బడికి వెళ్ళింది, చదవడం రాయడం నేర్చింది. ఆ 'కాస్త' మాత్రం పూర్తి కాలేదు. జీతం మాట ఒకసారి ఎత్తితే మురళీమోహన్ నవ్వి, "ఇంట్లో మనిషికి జీతమేంటి? అమ్మకి ఇస్తున్నామా?" అన్నాడు. నాంచారమ్మ కూడా నవ్వింది. ఎవరిమీద నవ్వుతోందో ఆవిడకే తెలియదేమో అనుకుంది ఫణిశ్రీ.

ఆ ఫ్యాక్టరీలో రెండు రకాల ట్యాంకులు చేసేవారు. రెండూ గాలినో ఆవిరినో ఒత్తిడితో బిగించి ఉంచేవే. ఒక రకం కోడ్ ప్రకారం, అంటే భద్రతా నియమావళి ప్రకారం చేసేది. అందులో వాడిన ప్రతి ఇనుప రేకు ఏ కొలిమిలో ఏ పోతలో పుట్టిందో నంబరు ఉండాలి. వెల్డరు పరీక్ష పాసైనవాడై ఉండాలి. అతుకుకి ఎక్స్‌రే తీయాలి. చివరికి బయటినుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, ఎదురుగా నిలబడి, నీళ్ళు నింపించి, మామూలుగా మోసే ఒత్తిడికన్నా ఎక్కువ పెట్టించి, నిలిచిందని తేల్చుకున్నాకే ముద్ర వేస్తాడు. రెండో రకాన్ని 'సాదా మాల్' అనేవారు. దొరికిన రేకు, దొరికిన వెల్డరు. ముద్ర ఉండదు. ముద్ర లేని ట్యాంకులన్నీ పేలిపోతాయని కాదు. తక్కువ ఒత్తిడికి, కొనేవాడికి ఫలానా రకమని చెప్పి అమ్మితే అందులో మోసం లేదు. ఆ సంగతి ఫణిశ్రీకీ తెలుసు. కాలేజీలో ఆమె మాస్టారు ఒక మాట చెప్పేవారు: బలమైనదో బలహీనమైనదో చూస్తే తెలియదు, ఎవరో ఒకరు చూసి రాసిపెట్టాలి, రాసినవాడు అబద్ధం ఆడకూడదు, అంతే.

ఆ రోజు బీరకాయ కూర పొయ్యి మీదుండగా మురళీమోహన్ మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. చేతిలో చిన్న అట్టపెట్టె. తెరిచి చూపించాడు. లోపల విజిటింగ్ కార్డులు. ఫణిశ్రీ, బీఈ, క్వాలిటీ మేనేజర్.

"ఇకనుంచి నీ పేరే పెడదాం. ఎన్నాళ్ళనుంచో మనసులో పెట్టుకున్నావుగా," అన్నాడు. "కొనే పార్టీవాళ్ళు ఇంజనీరే సైన్ చెయ్యాలంటున్నారు. ఘర్ మే ఇంజనీర్ ఉండగా బయటివాణ్ణి ఎందుకు?"

నాంచారమ్మ పంచదార తెచ్చి కోడలి నోట్లో పోసింది. ఫణిశ్రీ కార్డు మీద వేలు పెట్టి తన పేరు తడిమింది. అక్షరాలు కాస్త ఉబ్బెత్తుగా ఉన్నాయి. ఆమెకి తెలియకుండానే కళ్ళు చెమర్చాయి. ఇంత చిన్నదానికి ఇంత సంతోషమా అని సిగ్గేసింది. అయినా సంతోషం ఆగలేదు. నాన్నకి ఒకటి, అమ్మకి ఒకటి, ఇంజనీరింగులో తనతో చదివిన ఇద్దరికి చెరొకటి అని మనసులోనే పంచిపెట్టేసింది.

"మొదటి ఫైలు ఇదిగో," అని అతను కొన్ని చీటీలు బల్లమీద పెట్టాడు. "స్పంజ్ ఐరన్ ప్లాంటుది. పోయిన నెల ఒక గాలి ట్యాంకు తీసుకున్నారుగా, అచ్చం అలాంటిదే ఇంకొకటి అర్జెంటుగా కావాలట. గురువారం లారీ. సాయంత్రానికి సైన్ చేసి ఉంచు."

అతను భోంచేసి వెళ్ళిపోయాక ఆమె ఫైలు మొదలుపెట్టింది. రేకు నంబరు కొట్టింది. ఎక్స్‌రే ఫిల్ముల నంబర్లు కొట్టింది. వేళ్ళు వాటంతట అవే ముందుకు పోతున్నాయి, చీటీ చూడనక్కర్లేకుండా. మూడో నంబరు దగ్గర ఆగిపోయింది. తను చూడకుండా ఎలా కొడుతోంది? పోయిన నెల ఫైలు తెరిచింది. ఒక్క అంకె తేడా లేకుండా అవే. ఒక మనిషికి తీసిన ఎక్స్‌రే ఇంకో మనిషి ఎముకలు చూపించదు. రెండు ట్యాంకులకి ఒకే ఎక్స్‌రే ఎలా ఉంటుంది? కొత్త చీటీల్లో ఇన్‌స్పెక్టరు రామమూర్తి సంతకం కూడా ఉంది. పాతదానికి జిరాక్సు తీసి తేదీ మార్చారు. పైగా కోడ్ ప్రకారం అలాంటి ట్యాంకు చేయాలంటే నెల పైన పడుతుంది. ఆర్డరు వచ్చి ఆరు రోజులు.

మురళీమోహన్‌కి ఫోను చేసింది. "నంబర్లు పాతవే వచ్చాయండి."

"అదే ఉండనీ. నంబర్లు ఎవడు చూస్తాడు?"

"ట్యాంకు నేనొకసారి చూడాలి."

"ఇక్కడ దుమ్ము, లేబర్ మనుషులు. నువ్వెందుకు? బస్, సైన్ చెయ్."

మర్నాడు రజనిని ఆటో ఎక్కించి, అత్తగారితో బ్యాంకుకని చెప్పి, స్కూటీ మీద బిలాస్‌పూర్ రోడ్డు పట్టింది. సిల్తారా దగ్గర పడేకొద్దీ గాలి నల్లబడింది. చున్నీ ముక్కుకి చుట్టుకుంది. భర్తా మామగారూ ఎవరో పార్టీని కలవడానికి ఊళ్ళోకి వెళ్ళారు. షెడ్డులో పాత వెల్డరు బిసాహు ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. ఏడేళ్ళ క్రితం ఆమె దగ్గరుండి పరీక్ష రాయించి పాస్ చేయించిన మనిషి.

ట్యాంకు బయట ఎండలో ఉంది. మనిషి ఎత్తుని మించిన వెడల్పు, కొత్త బూడిదరంగు. దానిమీద మెరుస్తున్న నంబరు ప్లేటు. ఫణిశ్రీ అతుకు మీద చెయ్యి వేసి నడిచింది. అరచేతికి గుచ్చుకుంటోంది.

"ఏ టంకీ హమర్ హాథ్ కే నో హే, దీదీ," అన్నాడు బిసాహు మెల్లిగా. ఇది నా చేతిది కాదు అని. రెండేళ్ళనుంచి యార్డులో వానకి తడుస్తున్న సాదా ట్యాంకట. పోయినవారం దానికి రంగు వేశారు.

మందం కొలిచే మీటరు తెప్పించి ఆమె పదిచోట్ల పెట్టి చూసింది. పది మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట ఆరు ఉంది. రెండు వంపుల దగ్గర ఆరు కూడా లేదు. ప్రతి అంకె చీటీ మీద రాసుకుంది. ఇంత గాలి బిగించి ఉన్న రేకు చిరిగిందంటే పక్కనున్నవాడికి పరిగెత్తే వ్యవధి ఉండదు. కంప్రెసరు గదిలో ఎనిమిదేసి గంటలు డ్యూటీ చేసేవాళ్ళు గోడ పక్కన నీడ ఉందని, ఆ ట్యాంకుకే వీపు ఆనించి కూర్చుంటారు. ఆమె ఆ మొదటి ఏడాది చూసింది.

ఆ సాయంత్రం అందరూ ఉండగానే ఆమె చీటీ బల్లమీద పెట్టింది. "ఇది కోడ్ ట్యాంకు కాదు. నేను సంతకం పెట్టను."

కొండలరావు చీటీ చూడలేదు. కోడలి వంక కూడా చూడలేదు. కొడుకుతో అన్నాడు: "ఫ్యాక్టరీకి ఎవర్ని అడిగి వెళ్ళింది?"

"బ్యాంకుకని చెప్పిందిరా నాతో," అంది నాంచారమ్మ. "కడుపులో ఎన్ని ఉన్నాయో."

"వాళ్ళకి గాలి ట్యాంకు కావాలి, మనం గాలి ట్యాంకు ఇస్తున్నాం. ఇంటికి రెండు వీధులవతల ఉన్నవాడు ఇరవై ఏళ్ళనుంచి సాదా మాల్ అమ్ముతున్నాడు, ఏమైంది? అంతా చలేగా, నడిచిపోతుంది," అన్నాడు మురళీమోహన్.

"సాదా అని చెప్పి అమ్మండి. నేనేం అనను. కోడ్ అని నా పేరుతో అమ్మొద్దు."

"అబ్బో, నా పేరు! కార్డు మీద అచ్చేయించేసరికి పేరొచ్చింది దీనికి."

"అసలు నా పేరు ఎందుకు పెట్టారు? ఐదేళ్ళనుంచి లేనిది ఇప్పుడే ఎందుకు?"

అతను కోపంలో ఉన్నాడు. లేకపోతే ఆ మాట అనేవాడు కాదు. "ఏదన్నా అయితే ఆడదాన్ని ఎవడూ ఏం చెయ్యడని! నన్ను లోపలేస్తే ఫ్యాక్టరీ ఎవడు నడుపుతాడు? నువ్వా?"

నాంచారమ్మ కూడా ఒక్క క్షణం కొడుకు వంక చూసి, చూపు దించుకుంది. ఫణిశ్రీకి నిన్నటి పంచదార నాలుకమీద ఇంకా ఉన్నట్టు అనిపించి, లేచి వెళ్ళి నోరు కడుక్కుంది. తను ఆ కార్డు తడిమి ఏడ్చింది. దాన్ని తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది, అతనిమీద కన్నా తనమీద ఎక్కువగా. ఏళ్ళ తరబడి ఒక గడిలో పేరు కోసం ఆశపడింది, ఆ గడి కాస్తా జైలు గదిగా మారాకే అందులో చోటిచ్చారు.

బుధవారం పొద్దున డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వెళ్ళింది. తండ్రికి రెండో షిఫ్టు, క్వార్టరులోనే ఉన్నాడు. సంగతంతా విన్నాడు. చీటీలో అంకెలు చూసి ఆయన మొహం మారింది. ఇనుముతో ముప్పై ఏళ్ళు బతికినవాడు, వివరించి చెప్పనక్కర్లేదు.

"మా షాపులో బ్రేకు సిలిండరు పరీచ్చ అవ్వకుండా గేటు దాటదమ్మా," అన్నాడు. చీటీ మడిచి ఆమె చేతికే ఇచ్చేస్తూ మళ్ళీ అన్నాడు: "అయితే అది రైల్వే. ఇది నీ కాపరం."

"అంటే సంతకం పెట్టీమంటావా నాన్నా?"

తల్లి పైడమ్మే అందుకుంది. "పెట్టీ. ఒక గీతే కదేటి. గీత గీసీసి నీ బతుకు నువ్వు బతుకు. రేపొద్దున్న వొగ్గీసినారంటే ఆ పిల్లనెట్టుకుని ఎక్కడుంటావు? ఈ క్వార్టరు మీ నాన్న రిటైరైతే మనది కాదు."

తల్లి కఠినంగా మాట్లాడుతూనే కూతురి పళ్ళెంలో రెండో అట్టు వేసింది. ఫణిశ్రీ తినలేకపోయింది. తండ్రి చెప్పులేసుకుని రోడ్డుదాకా వచ్చాడు, ఏదో చెప్తాడనుకుంది. స్కూటీ టైరు నొక్కి చూసి, "గాలి తక్కువుంది, కొట్టించు," అన్నాడు. అంతే.

తిరిగి వచ్చి ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా బల్ల దగ్గర కూర్చుంది. ఆ రోజు వంట చేయలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి. ఒక పేజీ ఉత్తరం టైపు చేసింది. ఫలానా నంబరు ట్యాంకు మందం కొలిచాను, కోడ్‌కి సరిపోలేదు, రేకుకీ అతుకుకీ పెట్టిన రిపోర్టులు దీనివి కావు, తిరస్కరిస్తున్నాను. కింద చెక్డ్ బై గడిలో ఫణిశ్రీ అని పూర్తి సంతకం పెట్టి, పక్కన క్వాలిటీ మేనేజర్ అని రాసింది. ఆ పదవి ఇచ్చింది వాళ్ళే. ఒక కాపీ స్పంజ్ ఐరన్ ప్లాంటుకి, ఇంకోటి ఇన్‌స్పెక్టరు రామమూర్తికి మెయిల్‌లో పంపింది. పంపాక బీరకాయ తొక్కులు ఇంకా చెత్తబుట్టలోనే ఉన్నాయని గమనించి, బయట పారేసి వచ్చింది.

గురువారం లారీ ప్లాంటు గేటు దగ్గరే ఆగిపోయింది. మధ్యాహ్నానికి వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రం మురళీమోహన్ కొట్టలేదు. చెయ్యి ఎత్తి దించాడు. రజని చూస్తోంది. కార్డుల పెట్టె తీసుకుని డాబా మీదికి వెళ్ళి కాల్చాడు. "నిన్ను ఉద్యోగంలోంచి తీసేశాం," అన్నాడు కొండలరావు, లేని ఉద్యోగంలోంచి. ఆ రోజునుంచి ఇంట్లో ఆమెతో మాటలు బంద్. చెప్పాల్సింది ఏదైనా ఉంటే రజనితో చెప్పించేవారు. "మీ అమ్మని ఉప్పు తెమ్మను." "మన అన్నం తిని మన ఇంటికే గొయ్యి తవ్విందని మీ అమ్మకి చెప్పు." రజని ఆ వాక్యం మొత్తం అప్పజెప్పలేక మధ్యలో తడబడితే ఫణిశ్రీయే పూర్తి చేసి, "విన్నానని చెప్పు," అంది. పని మాత్రం ఎవరూ ఆపమనలేదు. రెండు క్యారేజీలూ రోజూ కట్టించుకునే వెళ్ళారు.

పది రోజులకి రామమూర్తి ఫోను చేశాడు. నెమ్మదస్తుడు, రిటైరుకి దగ్గర పడ్డ మనిషి. తన సంతకాన్ని జిరాక్సు తీసినందుకు మండిపోతున్నాడు. గొంతులో మాత్రం తెలియనివ్వలేదు.

"అమ్మా, పాత ఫైళ్ళన్నీ అడిగాం. ఐదేళ్ళలో ముప్పైయేడు కోడ్ ట్యాంకులు వెళ్ళాయి. కొన్నిటికి మా వాళ్ళ ముద్రలు అసలువో కావో తేల్చాలి. వాటన్నిటిమీదా మీ ఆయన సంతకమే ఉంది. మీ పేరు ఎక్కడా లేదు. మీకు వాటితో సంబంధం లేదని ఒక్క లైను రాసివ్వండి. మీరు దీంట్లోంచి బయటపడతారు."

ఫోను పెట్టేశాక ఆమె కంప్యూటరులో పాత ఫైళ్ళు తెరిచింది. ముప్పైయేడు. ఒక్కటీ ఆమె కళ్ళతో చూడలేదు. చీటీలు వచ్చాయి, ఫైళ్ళు అయ్యాయి. చీటీల్లో నంబర్లు ఎప్పుడూ వేరువేరుగానే ఉండేవి. ఉంటే మాత్రం ఏం? అంకెలు అల్లడం ఎంతసేపు? ఈసారి మురళీమోహన్ బద్ధకించి పాతవే ఇచ్చాడు కాబట్టి దొరికాడు. అంతకుముందు బద్ధకించకపోతే? తన లెక్కల మీద తనకెంత గర్వం! పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్ను, దశాంశ బిందువు మీద ఒక కన్ను వేసి తప్పు లేకుండా చేసింది. ఇంత బాగా చేస్తున్నా పేరు లేదని కుమిలింది. ఆ చక్కని ఫైళ్ళ వెనక ఏముందో అడగలేదు. సిల్తారాకి వద్దంటే మానేసింది. వద్దన్నది వాళ్ళే, నిజమే. మానేసింది మాత్రం తను. సంబంధం లేదని ఒక లైను రాస్తే చాలట. ఆ లైనూ ఆమె చాలా బాగా రాయగలదు.

రామమూర్తికి జవాబు రాసి పంపేసరికి మధ్యాహ్నం మూడైంది.

సాయంత్రం కొండలరావు పదిరోజుల తరవాత మొదటిసారి కోడల్ని పేరుపెట్టి పిలిచాడు. నాంచారమ్మ కాఫీ తనే కలిపి తెచ్చింది. ఆ కాఫీ చూడగానే ఫణిశ్రీకి అర్థమైంది.

"చూడమ్మా," అన్నాడు కొండలరావు. "వాడేమో బీకాం. వాడికేం తెలుసు? ఆ పాత ఫైళ్ళన్నీ చేసింది నువ్వే. ఆ మాటే వాళ్ళతో చెప్దాం. నీకు డిగ్రీ ఉంది, ఏదో ఒకటి సమాధానం చెప్పుకోగలవు. ఇల్లు నిలబడుతుంది."

ఐదేళ్ళుగా కూర తరుక్కుంటూ రాసుకునే కాగితాలు ఒక్క పూటలో ఇంజనీరు పని అయిపోయాయి.

"నేనే చేశాను మామయ్యగారూ. ముప్పైయేడూ నేనే రాశాను. ఆ సంగతి మధ్యాహ్నమే ఆయనకి రాసి పంపించాను."

ముగ్గురి మొహాలూ తేలికపడ్డాయి. నాంచారమ్మ, "నాకు తెలుసు, నా కోడలు బంగారం," అనబోయింది.

"ఒక్కదాన్నీ చూడకుండా రాశానని కూడా రాశాను. చీటీలు ఎవరు ఇచ్చారో రాశాను. రేపట్నుంచి వాటిని ఒక్కొక్కటీ వెళ్ళి కొలుస్తాను. రామమూర్తిగారు మీటరు ఇచ్చి ఒక మనిషిని పంపుతానన్నారు. రజనిని స్కూలునుంచి మా నాన్న తీసుకెళ్తాడు. అడిగాను. ఊఁ అన్నాడు."

మురళీమోహన్ లేచాడు. "పిచ్చెక్కిందా నీకు? ముప్పైయేడు ఫ్యాక్టరీలు తిరుగుతావా? తిరిగి ఏం చేస్తావ్? ఎన్ని పల్చగా ఉన్నాయో తేలితే అప్పుడేం చేస్తావ్?"

"ఎన్ని ఉన్నాయి?" అంది ఆమె.

మామగారు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఫణిశ్రీ కాఫీ గ్లాసు పక్కకి జరిపి, ముప్పైయేడు పేర్ల జాబితా తీసి భర్త ముందు పెట్టింది. పెన్ను కూడా పెట్టింది. "అన్నీ ఒక్కరోజులో అవ్వవు. ఏవి ముందు చూడాలో గుర్తు పెట్టండి. వాటి పక్కన ఇప్పుడు మనుషులు కూర్చుని ఉన్నారు."

అతను పెన్ను ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కానీ చూపుని కట్టుకోలేకపోయాడు. అది జాబితా మీద పైనుంచి కిందికి దిగుతూ పోయింది. ఎనిమిదేళ్ళుగా ఆ మొహంలో విసుగూ ఆకలీ కోపమూ కనిపెట్టి దానికి తగ్గట్టు నడుచుకున్న మనిషి ఫణిశ్రీ. ఆ చూపు ఎక్కడెక్కడ ఆగిందో ఆమెకి అతను చెప్పనక్కర్లేదు.

ఆరు చోట్ల ఆగింది. ఆ ఆరు పేర్లూ ముందు రాసుకుని, ఆమె మొదటి ఫ్యాక్టరీకి ఫోను కలిపింది.